టెక్ సందేహాలు: వాటర్ కూలింగ్‌లో పాచి పడితే ముందు ఏం చూడాలి?

మాది మియాపూర్. రెండేళ్ల కిందట పీసీకి కస్టమ్ లూప్ (విడిభాగాలతో కట్టిన, పంపుతో నీళ్లు తిప్పి వేడి తీసే ఏర్పాటు) పెట్టించుకుని ఇంట్లో ఆర్వో నీళ్లే పోశాను. ఇప్పుడు రిజర్వాయర్ (నీళ్ల డబ్బా) గోడలు పచ్చబడ్డాయి. సీపీయూ వేడి పది డిగ్రీలు పెరిగింది. రాగి బిందెలో నీళ్లు పాడవ్వవు కదా, మరి బ్లాక్ (సీపీయూ మీద కూర్చునే భాగం) రాగిదే అయినా ఇలా ఎందుకైంది? మైలుతుత్తం వేస్తే పోతుందా?

మైలుతుత్తం ఇప్పుడే వేయకండి. ముందు ఆ పచ్చదనం ఏమిటో తేలాలి. నాచైతే వెలుతురు తగిలే చోటే, అంటే రిజర్వాయర్‌లోనూ పారదర్శక ట్యూబుల్లోనూ పడుతుంది. వేలితో రుద్దితే జారుతుంది, నీచు వాసన వస్తుంది. బాక్టీరియా జిగురుకు వెలుతురుతో పనిలేదు, రేడియేటర్ చీకట్లోనూ పేరుకుంటుంది. తెల్లగా, మైనంలా, వాసన లేకుండా ఉంటే అది మెత్తటి పీవీసీ ట్యూబు నుంచి కారిన ప్లాస్టిసైజర్, అంటే ట్యూబును మెత్తగా ఉంచే రసాయనం. దాని మీద ఏ బయోసైడూ (క్రిములను చంపే మందు) పనిచేయదు, ట్యూబు మార్చాల్సిందే. గోడలు శుభ్రంగానే ఉండి నీళ్లు మాత్రం నీలిపచ్చగా మారితే అది చిలుము, అంటే లోపల రాగి కరిగిపోతోందన్నమాట. అందులో మైలుతుత్తం పోస్తే రాగి లవణాన్ని ఇంకాస్త కలిపినట్టే.

మీరు చెప్పిన దాన్నిబట్టి ఇది నాచే అనిపిస్తోంది. ఆర్వో నీళ్లు డిస్టిల్డ్ నీళ్లు కావు. వాటిలో కొంత టీడీఎస్ (కరిగిన లవణాలు) మిగులుతుంది, కొన్ని ప్యూరిఫయర్లు రుచి కోసం ఖనిజాలను తిరిగి కలుపుతాయి కూడా. పైగా జలమండలి నీళ్లలో ఉండే క్లోరిన్‌ను లోపలి కార్బన్ ఫిల్టర్ పీల్చేస్తుంది. యూవీ దీపం తన ముందు నుంచి వెళ్లే నీటినే శుద్ధి చేస్తుంది, తర్వాత చేరే సూక్ష్మజీవులను ఆపలేదు. మే నెలలో ఏసీ లేని గది 35 డిగ్రీలుంటే లూప్‌లో నీళ్లు 40 దాటతాయి. ఆ గోరువెచ్చదనంలో, కిటికీ వెలుతురులో పాచి పట్టకపోతేనే ఆశ్చర్యం.

రాగి బిందె సంగతి నిజమే. రాగి అయాన్లు క్రిములను చంపుతాయి. కానీ చాలా బ్లాకులకు రాగి మీద నికెల్ పూత ఉంటుంది. పూత లేని రాగి మీదైనా ఒకసారి జిగురు పొర పరుచుకుంటే లోహానికీ నీటికీ మధ్య అదే అడ్డుగోడ అవుతుంది.

ఇక మైలుతుత్తం. లూప్‌లకని అమ్మే కొన్ని బయోసైడ్లలో ఉండేదీ కాపర్ సల్ఫేటే, అయితే అవి లీటరుకు చుక్కల లెక్కన వాడేవి. తోటల్లో బోర్డో మిశ్రమానికి కొనే స్ఫటికాల్లో మలినాలుంటాయి, అంత సన్నని మోతాదు వాటితో కుదరదు. లూప్‌లో ఎక్కడైనా అల్యూమినియం ఉంటే కరిగిన రాగి దాని మీద పేరుకుని గుంటలు పెడుతుంది. నికెల్ పూతకూ మంచిది కాదు. అన్నిటికంటే ముఖ్యం, పాచి పట్టిన లూప్‌లో మందు పోస్తే చచ్చిన పాచి పొరలుగా ఊడి బ్లాక్‌లో ఇరుక్కుంటుంది. అక్కడ వేడిని నీటికి అందించే సన్నని రేకుల మధ్య సందు అర మిల్లీమీటరు కూడా ఉండదు. మీ పది డిగ్రీలు అక్కడే పెరిగి ఉంటాయి. కాబట్టి కడగడం ముందు, మందు తర్వాత.

పవర్ తీసేసి నీళ్లన్నీ కొలపాత్రలోకి వంపండి. ఎన్ని మిల్లీలీటర్లో రాసుకోండి, మోతాదుకు ఆ లెక్కే ఆధారం. మెత్తటి ట్యూబులు పారేయండి, కడిగి వాడటం దండగ. బ్లాక్ విప్పేటప్పుడు రబ్బరు రింగు, లోపలి పలక ఏ వైపు ఉన్నాయో ఫొటో తీసుకోండి. గిన్నెల సబ్బు ఒక్క చుక్క వేసి, మెత్తని టూత్‌బ్రష్‌తో రేకుల పొడవునే రుద్దండి. అడ్డంగా రుద్దితే రేకులు వంగుతాయి. రాగి కదా అని చింతపండు, ఉప్పు పట్టించకండి. బిందెకు బాగానే ఉంటుంది గానీ ఇక్కడ పులుపు నికెల్ పూతను తింటుంది, సందుల్లో మిగిలిన గుజ్జు మళ్లీ పాచికి మేతవుతుంది. యాక్రిలిక్ రిజర్వాయర్‌లో మందుల షాపులో దొరికే 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ అరగంట ఉంచి కడగండి. స్పిరిట్, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తగిలిస్తే యాక్రిలిక్‌కు సన్నని పగుళ్లు వస్తాయి. రేడియేటర్‌ను గోరువెచ్చని డిస్టిల్డ్ నీళ్లతో సగం నింపి, కుదిపి, తెల్ల గిన్నెలోకి వంపండి. వచ్చే నీళ్లలో నలుసు కనిపించకుండా పోయేంత వరకూ ఇదే పని, ఓపిక పట్టాలి.

కొత్తగా నింపేటప్పుడు నికెల్ పూత బ్లాక్ ఉంటే రంగులేని ప్రీమిక్స్ కూలెంట్ (ముందే కలిపి అమ్మే ద్రవం) తీసుకోమంటాను. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ షాపుల్లో అడిగి చూడండి. తుప్పు ఆపేదీ, క్రిములను ఆపేదీ రెండూ ఉన్నట్టు లేబుల్ మీద ఉండాలి. దానిలో ఇంకేమీ కలపకూడదు. రెండు బయోసైడ్లు కలిస్తే రక్షణ రెట్టింపవ్వదు, ఒక్కోసారి విరిగిన పాలలా మడ్డి కడుతుంది. క్రిములను చంపడానికి నీళ్లలో వెండి చుట్ట వేయమని కొందరు చెబుతారు, నికెల్ ఉన్న లూప్‌లో వద్దు.

అంతా పూతలేని రాగి, ఇత్తడే అయితే డిస్టిల్డ్ నీళ్లలో ఒకే ఒక బయోసైడ్, లేబుల్ మీదున్న మోతాదులో, సూది తీసేసిన 1 మిల్లీలీటరు సిరంజితో కొలిచి వేయండి. పెట్రోల్ బంకుల్లో అమ్మే బ్యాటరీ నీళ్లు పనికొస్తాయి గానీ, అది యాసిడ్ కాదని చూసుకుని టీడీఎస్ మీటరు పెట్టండి. 5 దాటితే వద్దు. ట్యూబులు ఈసారి నల్లటి ఈపీడీఎం రబ్బరువి వేయండి. వెలుతురూ ఆగుతుంది, ప్లాస్టిసైజర్ బెడదా పోతుంది. పంపుకు తప్ప దేనికీ పవర్ ఇవ్వకుండా, జాయింట్ల కింద టిష్యూ పేపర్లు పరిచి ఒక రోజంతా తిప్పి, తడి లేదంటేనే సిస్టమ్ ఆన్ చేయండి. బయోసైడ్ వేసిన నీళ్లను ఆరు నెలలకూ, ప్రీమిక్స్‌ను లేబుల్ వేరేగా చెప్పకపోతే ఏడాదికీ మార్చండి. అందులో ఒక మార్పు ఫిబ్రవరిలో పడేలా చూసుకుంటే ఎండాకాలం నిశ్చింతగా గడుస్తుంది.

కూకట్‌పల్లి నుంచి: కారు కూలెంట్ కొంచెం కలిపితే నాచు రాదా?

ఆ ‘కొంచెం’ దగ్గరే చిక్కు. కారు కూలెంట్‌లో ఉండే గ్లైకాల్ సుమారు 25 శాతం దాటితేనే సూక్ష్మజీవులను ఎదగనివ్వదు. 10 శాతం లాంటి పలుచని ద్రావణంలో కొన్ని బాక్టీరియాకు అదే ఆహారం. ఎక్కువ పోస్తే ద్రవం చిక్కబడి ప్రవాహం తగ్గుతుంది, వేడి మోసే శక్తీ తగ్గుతుంది. ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉండే విషం. పిల్లలు, పెంపుడు జంతువులు ఉన్న ఇంట్లో వంపిన ద్రవాన్ని మూతలేని గిన్నెలో ఒక్క నిమిషం కూడా వదలకండి.

ఎల్బీ నగర్ నుంచి: మూడేళ్ల ఏఐఓ కూలర్ (ఫ్యాక్టరీలోనే నింపి సీలు వేసి వచ్చే వాటర్ కూలర్) గుడగుడమంటోంది. పాచి పట్టిందా? విప్పి నీళ్లు పోయాలా?

ఆ శబ్దం గాలిది. ట్యూబుల గుండా ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా నీరు ఆవిరై, ఆ ఖాళీలో గాలి చేరుతుంది. రేడియేటర్‌లో అన్నిటికంటే ఎత్తైన చోటు పంపు కంటే పైన ఉండేలా బిగిస్తే గాలి అక్కడ నిలిచి చాలావరకు సద్దుమణుగుతుంది. విప్పి మామూలు నీళ్లు పోస్తే మాత్రం లోపలి బయోసైడ్, తుప్పు నిరోధకం పలచబడతాయి. ఏఐఓలలో చాలావాటికి రేడియేటర్ అల్యూమినియం, కింది పలక రాగి కాబట్టి తుప్పు పట్టే ప్రమాదం పెరుగుతుంది. పంపు వేగం సరిగ్గానే చూపిస్తూ, సీపీయూకూ కూలర్‌కూ మధ్య పూసే పేస్టు మార్చినా వేడి తగ్గకపోతే లోపలి రేకులు మూసుకుపోయి ఉండొచ్చు. వారంటీ తేదీ చూసుకోండి, ఉంటే సీలు ముట్టుకోకుండా సర్వీస్ సెంటర్‌కు ఇవ్వండి.