పుల్పిట్ దిగే ముందు

ప్రియమైన తమ్ముడికి,

ప్రభువు నామంలో వందనాలు. నీ ఉత్తరం అందింది. కాథలిక్ సంఘంలో చేరాలని మనసు స్థిరపడిందనీ, వచ్చే నెల ఆరాధనలోనే సంఘానికి చెప్పేద్దామనుకుంటున్నాననీ రాశావు. మనసు స్థిరపడిందో లేదో తర్వాత మాట్లాడుకుందాం. నీలాగే పాస్టరుగా ఉండి కాథలిక్ అయినవాణ్ణి కాబట్టి చెబుతున్నాను, ముందు ఆ "వచ్చే నెల" అన్నది కొట్టెయ్యి.

మన పాస్టర్లకు ఒక అలవాటు ఉంది. శనివారం రాత్రి చదివింది ఆదివారం పొద్దున ప్రసంగమైపోవాలి. ఈ విషయంలో ఆ అలవాటు కొంప ముంచుతుంది. ఇంగ్లండ్‌లో ఆంగ్లికన్ పాస్టరుగా ఉండిన న్యూమన్‌నే చూడు. 1839 వేసవిలో ఐదో శతాబ్దపు క్రీస్తు స్వభావ వివాదాలు చదువుతుంటే ఆయనకు మొదటిసారి అనుమానం తగిలింది. 1841లో ఆంగ్లికన్ విశ్వాస సూత్రాలను కాథలిక్ అర్థంలోనూ చదవొచ్చంటూ 90వ కరపత్రం రాసి ఆంగ్లికన్ బిషప్పుల కోపానికి గురయ్యాడు. 1843 సెప్టెంబరులో ఆక్స్‌ఫర్డ్‌లో సెయింట్ మేరీస్ చర్చి బాధ్యత వదిలేశాడు. కాథలిక్ అయింది మాత్రం 1845 అక్టోబరు 9న. ఆ చివరి రెండేళ్లూ లిటిల్‌మోర్‌లో మామూలు విశ్వాసిలా ఉన్నాడు. చదువుకున్నాడు, ప్రార్థించుకున్నాడు, ఎవరినీ వెంట రమ్మనలేదు. అంతటి పండితుడికే ఆరేళ్లు పట్టింది. నీకు ఆరు నెలలు ఎక్కువనిపిస్తే ఎట్లా?

ఇక నీ ఉత్తరంలో నాకు నచ్చనిది ఒకటుంది. మొదటి పేజీ అంతా మీ సంఘ కమిటీ మీద కోపమే. ఎన్నికలు, గ్రూపులు, ఎవరు ఎవరితో కలిశారు, నీ మాట ఎలా తీసిపారేశారు. అవన్నీ నిజమే కావచ్చు. అలిగి ఇల్లు మారినవాడు కొత్త ఇంట్లోనూ అలుగుతాడు. కాథలిక్ సంఘంలోనూ కమిటీలున్నాయి, రాజకీయాలున్నాయి, తల పట్టుకునేలా చేసే ఫాదర్లూ బిషప్పులూ ఉన్నారు. కుంభకోణాలు ఏ పేపరు తిప్పినా కనిపిస్తూనే ఉన్నాయి. న్యూమన్‌కు కూడా చేరిన తర్వాత పూలదండలేమీ పడలేదు. 1859లో సిద్ధాంత విషయాల్లో సామాన్య విశ్వాసుల అభిప్రాయం తెలుసుకోవాలని వ్యాసం రాసినందుకు రోమ్‌లో ఆయన్ని ఏళ్ల తరబడి అనుమానంగా చూశారు. కార్డినల్ టోపీ వచ్చేసరికి 1879, ఆయనకు 78 ఏళ్లు.

అందుకే నిన్ను నువ్వు ఒక ప్రశ్న వేసుకో. రేపు పొద్దున్నే మీ కమిటీ మొత్తం మారిపోయి, నీకు క్షమాపణ చెప్పి, అడిగినవన్నీ ఇస్తే, అప్పుడైనా వెళ్తావా? వెళ్లనంటే నీకు కావాల్సింది బదిలీ. రోమ్‌తో పనిలేదు.

మానింగ్ కథ ఇక్కడ పనికొస్తుంది. ఆయన ఇంగ్లండ్‌లోని చిచెస్టర్‌లో ఆంగ్లికన్ ఆర్చ్‌డీకన్, అంటే బిషప్పు కింది పెద్ద అధికారి. 1850లో గోరమ్ కేసులో, బాప్తిస్మంలో నూతన జన్మ కలుగుతుందా లేదా అనే వివాదం మీద, రాణిగారి ప్రివీ కౌన్సిల్ తీర్పు చెప్పింది. తీర్పు ఎటు వచ్చిందన్న దానికంటే, విశ్వాస విషయం మీద ప్రభుత్వ న్యాయమండలి తీర్పు చెప్పడమేమిటన్నదే ఆయన్ని కలవరపెట్టింది. 1851లో కాథలిక్ అయ్యాడు. అసలు ప్రశ్న అదే తమ్ముడూ. క్రీస్తు తన సంఘానికి బోధించే అధికారం ఇచ్చాడా, ఇస్తే అది ఈరోజు ఎక్కడుంది? ధూపం వాసన, పాత కట్టడాల అందం, లాటిన్ పాటలు, ఇవన్నీ మనిషిని గుమ్మం దాకా తెస్తాయేమో. ఆ ప్రశ్నకు జవాబు మాత్రం వాటిలో లేదు. దానికి "రోమ్‌లో ఉంది" అని నిజాయితీగా అనగలిగితేనే వెళ్లు. అనలేకపోతే ఉన్నచోటే ఉండి మంచి పాస్టరుగా పనిచెయ్యి. ఇవే పుస్తకాలు చదివి, ఇంతే ప్రార్థించి, ఉన్నచోటే ఉన్నవాళ్లు ఎందరో. జారొస్లావ్ పెలికన్ లాంటి చరిత్రకారుడు లూథరన్‌గా జీవితమంతా సంఘ సిద్ధాంతాల చరిత్ర రాసి, 1998లో వెళ్లింది ఆర్థడాక్స్ సంఘానికి. కాథలిక్ ఫాదర్లు ప్రొటెస్టెంట్లయిన సందర్భాలూ తక్కువేం కావు. కాబట్టి చేరినవాళ్ల పేర్ల జాబితా చూసి ధైర్యం తెచ్చుకోకు.

చదివేటప్పుడు రెండు వైపులా గట్టివాళ్లనే చదువు. అంతియొకయ బిషప్పు ఇగ్నేషియస్ రెండో శతాబ్దం మొదట్లో రాసిన ఉత్తరాలు చదివావు, సంతోషం. బిషప్పు గురించి, ప్రభువు శరీరం గురించి ఆయన అంత సూటిగా రాయడం చూస్తే ఎవరికైనా గుండె ఝల్లుమంటుంది. అయితే అక్కడితో ఆగిపోవద్దు. నీతిమంతులుగా తీర్చబడడం మీద 1547లో కాథలిక్ బిషప్పుల ట్రెంట్ సభ ఏమన్నదో ఆ తీర్మానమే తెరిచి చదువు, దాన్ని తిట్టినవాళ్ల పుస్తకాల్లో కాదు. తర్వాత 1999 అక్టోబరు 31న ఆగ్స్‌బర్గ్‌లో లూథరన్లూ కాథలిక్కులూ కలిసి సంతకం చేసిన ప్రకటన చదువు. ఎంత దగ్గరయ్యారో, ఏది ఇంకా మిగిలిందో తెలుస్తుంది. ప్రొటెస్టెంట్ల వైపు నుంచి కాల్విన్‌ను చదువు. పోపు తప్పిదరాహిత్యం, అంటే విశ్వాస విషయాల్లో పోపు అధికారికంగా ప్రకటించింది తప్పు కాదన్న సిద్ధాంతం, దాన్ని ఖండిస్తూ డబ్లిన్‌లో జార్జ్ సాల్మన్ చేసిన ప్రసంగాలు 1888లో అచ్చయ్యాయి, అవీ చదువు. మన వాదన అక్కడ కూడా నిలబడితేనే నిలబడినట్టు.

మరియమాత విషయం చాలామందికి చివరిదాకా ముల్లులా గుచ్చుతుంది. ఆమె జన్మపాపం లేకుండా గర్భంలో పడిందన్న 1854 ప్రకటన, శరీరంతో సహా పరలోకానికి చేర్చబడిందన్న 1950 ప్రకటన, రెండూ నువ్వు అంగీకరించాల్సినవే, దాటవెయ్యడం కుదరదు. చేర్చుకునే రోజు అందరి ముందూ చెప్పే మాట ఏమిటంటే, దేవుడు బయలుపరచినదని కాథలిక్ సంఘం విశ్వసించి, బోధించి, ప్రకటించేదంతా విశ్వసిస్తున్నాననే. "దాదాపు అంతా" అని లేదు. జపమాల పట్టుకుంటే చేతులు ఇబ్బంది పడతాయంటావా, పడనీ. అలవాటు వేరు, అంగీకారం వేరు.

ఇప్పుడు అసలు సంగతి. నీ ఉత్తరంలో ఇగ్నేషియస్ ఉన్నాడు, అగస్టీన్ ఉన్నాడు, ముగ్గురు పోపులున్నారు. మా మరదలు లేదు.

ఆమెకు చెప్పావా? చెబితే ఏమంది? ఈ మార్పులో నువ్వు పోగొట్టుకునేది నీకు తెలుసు. ఆమె పోగొట్టుకునేది కూడా ఒకసారి లెక్కపెట్టు. ఇన్నేళ్లుగా ఆమె అందరికీ పాస్టరమ్మ గారు. స్త్రీల కూటం ఆమెది, సండే స్కూలు ఆమెది, ఎవరికి కష్టమొచ్చినా తలుపు తట్టేది ఆమె కోసం. నువ్వు ఒక పుస్తకం మూసి లేచినంత మాత్రాన ఇవన్నీ ఆమె ఒక్క రాత్రిలో వదిలెయ్యాలా? అమెరికాలో స్కాట్ హాన్ ప్రెస్బిటేరియన్ పాస్టరు. 1986 ఈస్టర్‌కు కాథలిక్ అయ్యాడు. ఆయన భార్య కింబర్లీ కూడా ప్రెస్బిటేరియన్ పాస్టరు కూతురే. ఆమె చేరింది 1990లో. మధ్యలో నాలుగేళ్లు ఒకే ఇంట్లో రెండు సంఘాలు. అన్ని కాపురాలూ ఆ నాలుగేళ్లు దాటి వస్తాయని నేను హామీ ఇవ్వలేను.

ఆమెతో వాదించి గెలవకు. నువ్వు వృత్తిరీత్యా మాటకారివి, గెలుస్తావు, అందుకే చెబుతున్నాను. ఆమె కళ్లబడాలని పుస్తకాలు బల్ల మీద తెరిచి పెట్టకు. అడిగినప్పుడు చెప్పు, అడగనప్పుడు గిన్నెలు కడుగు. ఆమె రానంటే రానక్కర్లేదు, ఆమె ఒప్పుకోవాలని సంఘం కూడా షరతు పెట్టదు. పిల్లలు ఎక్కడికి వెళ్లాలన్నది మాత్రం ఇద్దరూ కూర్చుని ముందే మాట్లాడుకోండి. బంధువుల సంగతీ అంతే. న్యూమన్ చెల్లెలు హారియెట్ ఆయనతో సంబంధమే తెంచుకుంది. మాంచెస్టర్ ఆంగ్లికన్ బిషప్పు కొడుకు రోనాల్డ్ నాక్స్ 1917లో కాథలిక్ అయితే ఆ తండ్రికి ఎలా ఉండి ఉంటుందో ఆలోచించు. మీ నాన్నగారికి ఈ మాట వేరే ఎవరి నోటో వినే గతి పట్టించకు.

డబ్బు గురించి క్లుప్తంగా చెబుతాను. జీతం ఆగుతుంది, సంఘం ఇచ్చిన ఇల్లు ఖాళీ చెయ్యాలి, పదవీ విరమణ నిధి ఉంటే దాని నిబంధనలు చదువుకోవాలి. రాజీనామా చేశాక ఉద్యోగం వెతుక్కోవడం కంటే ఉద్యోగం దొరికాక రాజీనామా చెయ్యడం మేలు. మార్కస్ గ్రోడీ అనే మాజీ ప్రెస్బిటేరియన్ పాస్టరు 1993లో అమెరికాలో కమింగ్ హోమ్ నెట్‌వర్క్ పెట్టింది ఇలాంటి పాస్టర్ల కోసమే. ఇంతమందికి ఒక సంస్థే కావలసి వచ్చిందంటే ఇబ్బంది ఎంత మామూలో అర్థం చేసుకో.

"ఫాదర్ అవుతానా" అని అడిగావు. ఆశపడు, ఆధారపడకు. 1896లో పదమూడో లియో పోపు ఆంగ్లికన్ అభిషేకాలే చెల్లవని తేల్చారు. మనలాంటి సంఘాల ఆర్డినేషన్ కూడా అక్కడ గురుత్వంగా, అంటే ఫాదర్ పదవిగా, లెక్కలోకి రాదు. న్యూమన్ అంతటివాడు 1847లో రోమ్‌లో మళ్లీ అభిషేకం పొందాడు. ఇది విన్నప్పుడు మనసు చివుక్కుమంటుంది. అయితే ఇన్నేళ్ల నీ సేవలో దేవుడు లేడని దాని అర్థం కాదు. మన సంఘాలను రక్షణ సాధనాలుగా వాడుకోవడానికి పరిశుద్ధాత్మ వెనకాడలేదని 1964లో రెండో వాటికన్ సభే చెప్పింది.

పెళ్లయినవాడివి కాబట్టి ఇంకో చిక్కు. 1951లో పన్నెండో పయస్ పోపు జర్మనీలో పెళ్లయిన ఒక మాజీ లూథరన్ పాస్టరుకు గురువయ్యే అనుమతి ఇచ్చారు. 1980లో అమెరికాలో ఎపిస్కోపల్, అంటే ఆంగ్లికన్, పాస్టర్లకు ఒక దారి తెరిచారు. 2009లో పదహారో బెనడిక్ట్ పోపు ఆంగ్లికన్ల కోసం ప్రత్యేక ఏర్పాటు ప్రకటిస్తే, 2011, 2012లలో ఇంగ్లండ్, అమెరికా, ఆస్ట్రేలియాల్లో ఆర్డినరియేట్లు, అంటే వాళ్ల కోసం మేత్రాసనాల్లాంటి విభాగాలు, వచ్చాయి. మిగతా సంఘాల నుంచి వచ్చేవాళ్ల విషయం ఒక్కొక్కరిదీ విడివిడిగా రోమ్ దాకా వెళ్లాలి. ఏళ్లు పడుతుంది, మళ్లీ చదవాలి, చివర్లో కాదనవచ్చు. ఇచ్చినా బిషప్పు కాలేవు, భార్య పోతే మళ్లీ పెళ్లి చేసుకోలేవు. కీత్ న్యూటన్ ఆంగ్లికన్ బిషప్పుగా ఉండి, ఇంగ్లండ్ ఆర్డినరియేట్‌కు అధిపతి అయ్యి కూడా ఫాదర్‌గానే ఉండిపోయారు, పెళ్లయింది కాబట్టి.

నేను ఫాదర్ కాలేదు, ఉపదేశిగా సత్యోపదేశం చెబుతున్నాను. పుల్పిట్ లేకుండా ఎలా ఉంటుందో అడుగు, చెబుతాను. మొదట్లో బెంచీలో కూర్చుంటే చెవి ప్రసంగానికి మార్కులేస్తుంటుంది. ఇంకాస్త లోతుకు వెళ్లాల్సింది, ఈ వాక్యభాగం వదిలేశాడేమిటి, ఎనిమిది నిమిషాలకే ముగించాడేమిటి, అని. చేతులకు ఏం చెయ్యాలో తోచదు. నిన్ను పేరు పెట్టి పలకరించేవాళ్లుండరు. ఇంకా చేరలేదు కాబట్టి దివ్యసత్ప్రసాదానికి, అంటే మన ప్రభువు బల్ల లాంటి దానికి, లేవడానికి లేదు. వరుస కదిలినప్పుడు మోకాళ్లు పక్కకు తిప్పి నీ బెంచీలోని వాళ్లందరికీ దారి ఇవ్వాలి. చిన్నపిల్లలు కూడా నీ ముందు నుంచే వెళ్తారు. చేరక ముందే కొన్ని నెలలు అలా వెళ్లి వెనక కూర్చో. అదీ నువ్వు పండుగ రోజు వెళ్లి మురిసిపోయిన గుడిలో కాదు, అపశ్రుతిలో పాడే మామూలు గుడిలో. అక్కడ కూడా ఉండగలననిపిస్తే అప్పుడు ఫాదర్‌ను కలువు.

నీ సంఘాన్ని చీల్చకు. ఉల్ఫ్ ఎక్‌మన్ 1983లో స్వీడన్‌లోని ఉప్సలాలో లివెట్స్ ఊర్డ్ సంఘం స్థాపించాడు, అది వేలమంది సంఘమైంది. ఆయన 2013లో బాధ్యత వేరే పాస్టరుకు అప్పగించి, 2014 మార్చిలో తానూ భార్యా కాథలిక్కులవుతున్నామని చెప్పాడు. అందరూ వెంట రావాలని పిలుపివ్వలేదు. 2007లో ఫ్రాన్సిస్ బెక్‌విత్ ప్రొటెస్టెంట్ పండితుల ఎవాంజెలికల్ థియలాజికల్ సొసైటీకి అధ్యక్షుడిగా ఉండగా కాథలిక్ సంఘానికి తిరిగి వెళ్లి, ఆ పదవికి రాజీనామా చేశాడు. పద్ధతి అది. మనసులో అవతల ఉండి, జీతం ఇవతల తీసుకుంటూ, ప్రసంగాల్లో కొంచెం కొంచెం కలిపి చెప్పడం మోసమే. నమ్మకం మారిందని ఖాయమైన రోజున పెద్దలకు ముందు చెప్పు, తర్వాత సంఘానికి ఒక పేజీ చదువు. కారణాలు రెండు వాక్యాలు, కృతజ్ఞత మిగతాదంతా. తాళాలు, లెక్కల పుస్తకాలు, సభ్యుల రిజిస్టరు అదే రోజు అప్పగించు.

చేరే పద్ధతి నువ్వనుకున్నంత పెద్దది కాదు. నీళ్లతో తండ్రి కుమార పరిశుద్ధాత్మల నామంలో బాప్తిస్మం పొందావు కాబట్టి మళ్లీ ఇవ్వరు. ఆ సర్టిఫికెట్, పెళ్లి సర్టిఫికెట్ తీసిపెట్టుకో. మీ ఇద్దరికీ ఇదే మొదటి పెళ్లి, ఇద్దరూ బాప్తిస్మం పొందినవాళ్లే, కాబట్టి అందులో పేచీ ఉండదు. విడాకులు, మళ్లీ పెళ్లి ఉన్నవాళ్లకే అది పెద్ద టెన్షన్. తర్వాత పాపసంకీర్తనం, అంటే ఫాదర్ ముందు పాపాలు ఒప్పుకోవడం, బాప్తిస్మం నాటి నుంచి ఈనాటి వరకూ. పాస్టర్లకు ఇది కష్టం, ఎప్పుడూ వినే కుర్చీలో కూర్చున్నవాళ్లం కదా. న్యూమన్‌ను చేర్చుకోవడానికి వచ్చిన ఇటలీ ఫాదర్ డొమినిక్ బార్బెరి గుర్రపు బండి పైన గంటల తరబడి వానలో తడిసి రాత్రివేళ లిటిల్‌మోర్ చేరాడు. నిప్పు దగ్గర బట్టలు ఆరబెట్టుకుంటుంటే న్యూమన్ వచ్చి కాళ్ల మీద పడి, ఆ రాత్రే పాపసంకీర్తనం మొదలుపెట్టాడు.

ఈస్టర్ ముందు రాత్రి జాగరణ ఆరాధనలోనే చేరాలని పట్టుపట్టకు. బాప్తిస్మం ఉన్నవాళ్లను ఏడాదిలో ఎప్పుడైనా చేర్చుకోవచ్చు. రిచర్డ్ జాన్ న్యూహౌస్ లూథరన్ పాస్టరుగా ఉండి 1990 సెప్టెంబరు 8న చేరాడు. ఈలోపు మరదలితో మాట్లాడు. జవాబు రాసేటప్పుడు ఆమె ఏమందో మొదటి పేజీలో రాయి. కమిటీ సంగతులు రాయకపోయినా ఫర్వాలేదు.

ప్రభువునందు,
నీ అన్నయ్య