సమాధానం: ఏడుపు సీన్ అయ్యాక కూడా బాధ వదలట్లేదు
తండ్రి చనిపోయే సీన్ కోసం సొంత జ్ఞాపకాన్నే రోజూ తవ్వుకుంటున్నానని, రిహార్సల్ అయ్యాక రాత్రంతా ఆ బాధ వదలట్లేదని రాశారు. ముందు ఆ జ్ఞాపకాన్ని పక్కన పెట్టండి. మానని గాయాన్ని పదే పదే కెలికితే అది మొద్దుబారుతుంది కూడా. సొంత అనుభూతుల జ్ఞాపకాన్ని నటనకు వాడమన్న రష్యన్ నాటక దర్శకుడు స్టానిస్లావ్‌స్కీ కూడా 1930లలో శారీరక చర్యల వైపు, అంటే పాత్ర చేతులతో చేసే పనుల వంటి వాటి వైపు మొగ్గాడు. ఏడవాలని చూడకండి, తండ్రి కళ్లజోడు తుడిచి పెట్టెలో పెట్టడం లాంటి పని ఒకటి పెట్టుకోండి. అది నిజంగా చేస్తే భావం చాలాసార్లు దానంతటదే వస్తుంది. రాకపోయినా సీన్ నిలబడుతుంది (ప్రేక్షకులకు మీ కన్నీళ్ల లెక్క అక్కర్లేదు లెండి). పాత్ర వల్ల మీ నడకలో, చూపులో వచ్చే మార్పును మాత్రం ఆపకండి, మీకు మిగిలేది అదే. సీన్ అయ్యాక దుస్తులు మార్చుకుని, ఒళ్లు విదిలించి, ఎవరితోనైనా వేరే కబుర్లు చెప్పండి. అయినా నిద్ర పట్టకపోతే డైరెక్టర్‌కి చెప్పి కౌన్సెలర్‌ని కలవండి.