లలితా, ఆ మిషన్ విప్పేముందు

చిరంజీవి లలితకు పిన్ని ఆశీస్సులు.

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. "రాజాంలో ఎవరో షాపు మూసేస్తే పాత లేజర్ మిషన్ కొనుక్కొచ్చింది. దాని పేగులన్నీ పీకి కొత్తవి పెడతాదట, నువ్వైనా సెప్పవే" అని ఒకటే గోల. అక్క ముందు నేనూ నిన్ను తిట్టాను. ఫోన్ పెట్టేశాక మాత్రం మీ చిన్నాన్నా నేనూ చాలాసేపు ఆ ముచ్చటే చెప్పుకున్నాం. మేం రబ్బరు స్టాంపుల షాపు మూసేశాక ఆ కాలిన రబ్బరు వాసన మన ఇంట్లో ఇంకెవరికీ పట్టదనుకున్నాను.

వైర్లు పీకేముందు ఫోటోలు తీసుకో. మిషన్‌ని నడిపే పాత బోర్డు తీసెయ్యడం మంచి పనే. దానికి గుచ్చే పెన్‌డ్రైవ్ లాంటి ఆ తాళం పోతే మిషనే మూగబోతుంది. దాని బదులు రుయిడా బోర్డు పెడతావో, జీఆర్‌బీఎల్ బోర్డు పెడతావో నీ ఇష్టం. అవి నాకంటే నీకే బాగా తెలుసు. పెట్టాక 100 మిల్లీమీటర్ల చదరం ఒకటి కోసి స్కేలుతో కొలుచుకో. కిరణాన్ని తిప్పే అద్దాల అలైన్‌మెంట్‌కి మాస్కింగ్ టేపు చాలు. కిరణం పుట్టే గాజు ట్యూబు కొనేముందు పెట్టె కొలుచుకోవాలి. పాత 40 వాట్ల ట్యూబు 70 సెంటీమీటర్లుంటుంది. 60 వాట్లది అందులో పట్టదు. పెట్టెకి పక్కన రంధ్రం కోసి డబ్బా తగిలించాలి, పవర్ సప్లై కూడా మార్చాలి. సరదాకి వాట్లు పెంచకు.

ఇక ట్యూబుని చల్లబరిచే నీళ్ళ సంగతి. ఇది జాగ్రత్తగా చదువు.

2017లో, పైడితల్లి సిరిమానోత్సవం ముందు వారం. విజయనగరం మూడు లాంతర్ల దగ్గర మన షాపులో ఊపిరాడని పని. కొత్త ట్యూబు వేసి పదిరోజులైనా కాలేదు. మీ చిన్నాన్న యాక్రిలిక్ షీట్ల కోసం విశాఖ వెళ్ళారు. గంట్యాడ నుంచి ఒక ముసలమ్మ మనవణ్ణి వెంటేసుకుని డ్వాక్రా సంఘం స్టాంపు కోసం వచ్చింది. చెమటలు కారిపోతున్నాయి పాపం. టేబుల్ ఫ్యాను పెడదామంటే బోర్డులో మూడు సాకెట్లూ నిండిపోయి ఉన్నాయి. ఫోన్ ఛార్జరు అనుకుని ఒక ప్లగ్గు పీకాను. అది నీళ్ళ పంపుది.

మిషన్ ఆగలేదు. ఎందుకాగుతుంది? దాని దారి దానిదే. కాసేపటికి రబ్బరు మీద అక్షరాలు లోతుగా పడటం మానేశాయి. ట్యూబు వేడెక్కితే పవర్ తగ్గుతుందని నాకు తెలుసు, కానీ ఆ క్షణాన తోచలేదు. పవర్ పెంచే నాబ్ ఇంకాస్త తిప్పాను. మీటరు సూది 20 మిల్లీయాంప్స్ దాటింది. 40 వాట్ల ట్యూబుకి 15, 16 కంటే ఎక్కువ ఇవ్వకూడదు తల్లీ. ముసలమ్మ ఏదో కబురు చెబుతూ మధ్యలో ఆగింది. అప్పుడు తెలిసింది, బకెట్లో గుడగుడ వినబడటం లేదని.

పరిగెత్తి ప్లగ్గు పెట్టేశాను. అదే నేను చేసిన రెండో తప్పు. ఎండగా ఉందని పొద్దున్నే బకెట్లో ఐసు సీసాలు వేసి ఉంచాను. మండిపోతున్న గాజులోకి ఆ చన్నీళ్ళు దూకాయి. పెద్ద చప్పుడేం కాలేదు. చేతిగాజు చిట్లినట్టు 'టిక్'మంది. లోపలి గులాబీ వెలుగు ఆరిపోయి, వెనక పెట్టెలోంచి నీళ్ళు బొట్టుబొట్టుగా కారాయి.

సాయంత్రం మీ చిన్నాన్న వచ్చి వెనక మూత తీశారు. ఒకసారి ఆన్ చేసి చూసి, ఆపేసి, వెంటనే పవర్ సప్లై నుంచి ట్యూబుకి వెళ్ళే ఎర్ర వైరు దగ్గర చెయ్యి పెట్టారు. ఆ సప్లైలో పదిహేను, ఇరవై వేల వోల్టులుంటాయి, స్విచ్ ఆపినా వెంటనే చావదు. ఆయన వెళ్ళి గోడకి కొట్టుకున్నారు, క్యాలెండర్ ఊడి మీద పడింది. కుడి చూపుడువేలి చివర ఆ తెల్ల మచ్చ ఏంటని నువ్వు అడిగితే పకోడీల నూనె పడిందన్నారు గుర్తుందా? ఆ మచ్చ ఇదే.

ఆయన ట్యూబు నాసిరకమని అమ్మినవాడితో పోట్లాడి, మళ్ళీ ఆ గుమ్మం తొక్కలేదు. నేను పక్కనే కూర్చుని ఊరుకున్నాను. ప్లగ్గు సంగతి ఆయనకి ఈరోజుకీ తెలీదు.

అందుకని, పంపుకీ లేజర్‌కీ ఒకటే స్విచ్ పెట్టు. వాటర్ ఫ్లో సెన్సర్ కూడా తప్పకుండా వేయించు. నీళ్ళు ఆగితే కిరణం దానంతటదే ఆగాలి. మొదటిరోజు నువ్వే పంపు ప్లగ్గు పీకి చూడు, ఆగకపోతే పని మొదలెట్టకు. ఐసు మాట ఎత్తకు. బోరు నీళ్ళొద్దు, డిస్టిల్డ్ వాటరే పొయ్యి. ఫ్యాను మాత్రమే ఉండే చవక చిల్లర్ గది వేడి కంటే నీళ్ళని చల్లబరచలేదు, మే నెలలో మీ ఆమదాలవలసలో దానితో ఏం లాభం? కంప్రెసర్ ఉన్నదే కొను. డబ్బు తక్కువైతే నన్నడుగు, అమ్మనడగకు.

మీ ఇంట్లో ఎర్త్ వైరు కిటికీ ఊచకి చుట్టి ఉండటం నేను కళ్ళారా చూశాను. అది తీయించి బొగ్గు, ఉప్పు వేసి గొయ్యి తవ్వించు. ఎర్ర వైరు ముట్టుకోవాల్సొస్తే ప్లగ్గు పీకి, తీరిగ్గా భోంచేసి వచ్చి, ఎలక్ట్రీషియన్‌ని పక్కన పెట్టుకుని చెయ్యి. ఒంటరిగా వద్దు. నీకు ధైర్యం ఎక్కువ, నా భయమంతా అదే.

రెక్సిన్ ఎవరు తెచ్చినా కొయ్యకు, అందులో పీవీసీ ఉంటుంది. ఆ పొగ నీ ఊపిరితిత్తుల్నీ మిషన్‌నీ కలిపి తినేస్తుంది. యాక్రిలిక్ కోసేటప్పుడు టీకి కూడా లేవకు, అంటుకుంటుంది.

మన పాత మిషన్ మీటరు, ఆ సూదిదే, తీసి తుడిచి ఉంచాను. కొత్త బోర్డులు పర్సంటేజీ చూపిస్తాయిగానీ ట్యూబులో నిజంగా ఎంత కరెంటు పారుతోందో చెప్పవు. ఇది తగిలించుకో. ఆదివారం మీ చిన్నాన్న తెస్తారు, శ్రీకాకుళం రోడ్ స్టేషన్‌కి వెళ్ళి తీసుకురా. మూత తీసి చూపించగానే ఆయన ట్యూబులమ్మేవాళ్ళని తిట్టడం మొదలెడతారు. నువ్వు ఊఁ కొడుతూ ఉండు.

నీ పిన్ని