ఖైరతాబాద్ నియోజకవర్గంలో ఇప్పటివరకు ఎవరెవరు గెలిచారు? ఇక్కడ జనం పార్టీని చూసి ఓటేస్తారా, మనిషిని చూసా?

ప్రశ్న అడిగినవారు ఈమధ్యే సోమాజిగూడకు అద్దెకు వచ్చామని, ఓటు ఇక్కడికి మార్చుకున్నామని, ఈ సీటు చరిత్ర తెలిసినవాళ్లు చెప్పమని రాశారు. పీజేఆర్ పేరు అందరి నోటా ఎందుకు వినిపిస్తోందని కూడా అడిగారు.

నేను పుట్టి పెరిగింది చింతల్ బస్తీలో. మా ఇంట్లో రాజకీయ నాయకులెవరూ లేరు. కానీ ఎన్నికలంటే మాకు పండగంత హడావుడి. పెద్దయ్యాక పోలింగ్ ఏజెంట్‌గా కూడా కూర్చున్నాను. ఏ పార్టీకి అన్నది ఇక్కడ అనవసరం. తెలిసినంతవరకు చెబుతాను.

ముందు పీజేఆర్ దగ్గర మొదలుపెడదాం, ఎందుకంటే ఆయన్ను పక్కనపెడితే ఈ సీటు కథ అర్థం కాదు. పి. జనార్దన్ రెడ్డి కార్మిక నాయకుడిగా ఎదిగి, 1978లో ఇందిరా కాంగ్రెస్ తరఫున ఇక్కడ మొదటిసారి గెలిచారు. 1983లో ఎన్టీఆర్ గాలికి కొట్టుకుపోయారు. అప్పుడు కొట్టుకుపోనివాళ్లు తక్కువే. రెండేళ్లు తిరిగేసరికి 1985లో మళ్లీ ఎన్నికలొచ్చాయి. రాష్ట్రమంతా మళ్లీ తెలుగుదేశానికే పట్టం కట్టింది, ఖైరతాబాద్ మాత్రం పీజేఆర్‌ను వెనక్కి తెచ్చుకుంది. 1989లో గెలిచి మంత్రి అయ్యారు. ఆ తర్వాత 1994. నన్నడిగితే ఈ నియోజకవర్గం చరిత్రలో అన్నిటికంటే పెద్ద ఫలితం అదే. 294 సీట్ల సభలో కాంగ్రెస్‌కు 26 మిగిలాయి. రాష్ట్రంలో హేమాహేమీలు ఓడిపోయారు. ఆ 26లో ఖైరతాబాద్ ఒకటి. ఆ గెలుపుతోనే ఆయన కాంగ్రెస్ శాసనసభాపక్ష నాయకుడయ్యారు.

అంత ఎదురుగాలిలో ఎలా గెలిచారని మీకు అనుమానం రావచ్చు. బస్తీలో పెరిగినవాళ్లకు రాదు. ఆరోజుల్లో మా గల్లీలో నల్లా రోజు విడిచి రోజు వచ్చేది, అదీ తెల్లవారకముందే. రాత్రే బిందెలు వరుసలో పెట్టి, వాటి మీద గుర్తుకోసం ఒకరు ఇటుక ముక్క, ఇంకొకరు పాత చెప్పు పెట్టేవాళ్లు. వరుస తప్పితే గొడవే. నీళ్లు రాని రోజు మా అమ్మ వాళ్లంతా ఖాళీ బిందెలతో రోడ్డు మీదకు వెళ్లి కూర్చునేవాళ్లు. అలాంటి చోటికి తానే వచ్చి, అధికారిని అక్కడికక్కడే పిలిపించి గట్టిగా మాట్లాడే నాయకుడిగా ఆయనకు పేరు. సొంత పార్టీ ప్రభుత్వం ఉన్నా సరే నగరానికి కృష్ణా నీళ్లు కావాలని, గుడిసెలకు పట్టాలివ్వాలని కొట్లాడారు. బస్తీల్లో చాలామందికి ఆయన ఎమ్మెల్యే కంటే ముందు 'పీజేఆర్ అన్న'. పొద్దున్నే ఇంటికెళ్తే కలిసేవారన్నది మా చుట్టుపక్కల ఇప్పటికీ చెప్పుకునే మాట. జూబ్లీహిల్స్ పెద్దమ్మ గుడి ఈ స్థాయికి రావడం వెనక కూడా ఆయనే ఉన్నారు. ఏ పార్టీ వాళ్లయినా ఆ గుడికి వెళ్లి మొక్కుకునే ప్రచారం మొదలుపెడతారు.

అయితే అంతటి మనిషీ 1999లో ఓడిపోయారు. గెలిచింది తెలుగుదేశం అభ్యర్థి కె. విజయరామారావు. ఒకప్పుడు హైదరాబాద్ పోలీస్ కమిషనర్, తర్వాత సీబీఐ డైరెక్టర్, రాజకీయాలకు కొత్త. ఆ ఎన్నికలను జాగ్రత్తగా చూడాలి. కార్గిల్ యుద్ధం ముగిసి కొద్ది నెలలే అయింది, లోక్‌సభకూ అసెంబ్లీకీ ఒకేసారి పోలింగ్, బీజేపీతో తెలుగుదేశం పొత్తు. సైబర్ టవర్స్ మొదలై ఏడాదే. అప్పటి ఖైరతాబాద్ ఇప్పటిలా చిన్నది కాదు, రాష్ట్రంలోనే అతిపెద్ద నియోజకవర్గాల్లో ఒకటి. ఇప్పటి జూబ్లీహిల్స్ సీటు, ఇప్పటి శేరిలింగంపల్లిలో చాలా భాగం కూడా అందులోవే. కొత్త కాలనీలు, అపార్ట్‌మెంట్లు, ఉద్యోగస్తులు పెరిగిపోయారు. వాళ్లకు పట్టా గొడవ లేదు, బిందెల వరుస తెలియదు. మాజీ ఐపీఎస్ అధికారి అనగానే వాళ్లకు నచ్చింది. విజయరామారావు చంద్రబాబు మంత్రివర్గంలో కూడా చేరారు. బస్తీ మనిషిని చూసింది, కాలనీ గాలిని చూసింది అని నేను ఆ ఫలితాన్ని అర్థం చేసుకుంటాను.

2004లో పీజేఆర్ తిరిగి గెలిచారు. అది ఆయన ఐదో గెలుపు. వైఎస్ మంత్రివర్గంలో మాత్రం చోటు దక్కలేదు. ఆ అన్యాయం గురించి మా బస్తీలో ఇప్పటికీ మాట్లాడుకుంటారు, నాకూ అది అన్యాయమే అనిపిస్తుంది. 2007 డిసెంబర్ 28న గుండెపోటుతో చనిపోయారు. ఆరోజు ఖైరతాబాద్ చౌరస్తాలో నిలబడ్డవాళ్లకు ఆయన ఎవరో ఇంకొకరు చెప్పక్కర్లేదు. ఆటో డ్రైవర్లు, ఇళ్లల్లో పనిచేసే ఆడవాళ్లు, ఫ్యాక్టరీల నుంచి నేరుగా యూనిఫాంలో వచ్చినవాళ్లు, అందరూ ఏడుస్తూనే ఉన్నారు. 2008 ఉప ఎన్నికలో ఆయన కుమారుడు విష్ణువర్ధన్ రెడ్డి కాంగ్రెస్ తరఫున గెలిచారు.

ఇక్కడ ఒక గీత గీయాలి. 2009 నుంచి అమల్లోకి వచ్చిన నియోజకవర్గాల పునర్విభజనతో హైదరాబాద్ జిల్లా సీట్లు 13 నుంచి 15 అయ్యాయి. ఆసిఫ్‌నగర్, హిమాయత్‌నగర్, మహారాజ్‌గంజ్ సీట్లు మాయమయ్యాయి. జూబ్లీహిల్స్, అంబర్‌పేట, నాంపల్లి, గోషామహల్, బహదూర్‌పురా కొత్తగా వచ్చాయి. ఖైరతాబాద్ పేరు మిగిలింది, ఒళ్లు మాత్రం మారిపోయింది. కాబట్టి 2004 ఓట్ల లెక్కను 2009 లెక్కతో పోల్చి ఎవరైనా విశ్లేషణ చెబితే పట్టించుకోకండి.

పేర్ల దగ్గర కూడా తికమక ఉంది. జూబ్లీహిల్స్ నియోజకవర్గం అనగానే బయటివాళ్లు సినిమావాళ్ల బంగళాలు అనుకుంటారు. ఆ సీటులో ఓట్లన్నీ బోరబండ, రహమత్‌నగర్, యూసుఫ్‌గూడ, ఎర్రగడ్డ, షేక్‌పేట వైపు ఉన్నాయి. జూబ్లీహిల్స్ డివిజన్, ఫిల్మ్‌నగర్ బస్తీలు, బంజారాహిల్స్ ఖైరతాబాద్ కిందికి వస్తాయి. అంటే రాజ్‌భవన్, దాని గోడ పక్కనే ఉన్న ఎంఎస్ మక్తా, కోట్ల విలువైన బంగళాలు, వాటి వెనకే ఉన్న నందినగర్, అన్నీ ఒకే ఎమ్మెల్యే కిందే.

2009లో కొత్త ఖైరతాబాద్‌లో దానం నాగేందర్ కాంగ్రెస్ తరఫున గెలిచి మంత్రి అయ్యారు. ఆయన అంతకుముందు ఆసిఫ్‌నగర్ నాయకుడు. అక్కడి కథ కూడా తెలుసుకోవాల్సిందే. 2004లో కాంగ్రెస్ టికెట్ దక్కక తెలుగుదేశం తరఫున నిలబడి గెలిచారు. రాష్ట్రంలో కాంగ్రెస్ అధికారంలోకి రాగానే రాజీనామా చేసి, కాంగ్రెస్ అభ్యర్థిగా ఉప ఎన్నికకు వెళ్లారు. అదే జనం ఈసారి ఓడించారు, సీటు మజ్లిస్‌కు పోయింది. పార్టీ మారినప్పుడు మళ్లీ జనం ముందుకెళ్లి అడగడం ఒక పద్ధతి. నా దృష్టిలో అది గౌరవించాల్సిన పద్ధతి, ఓడినా సరే.

2014లో తెలంగాణ వచ్చిన వేళ రాష్ట్రమంతా టీఆర్ఎస్ పేరు మోగింది. హైదరాబాద్ జిల్లాలోని 15 సీట్లలో ఆ పార్టీకి దక్కింది సికింద్రాబాద్ ఒక్కటే. మజ్లిస్‌కు 7, బీజేపీకి 4, తెలుగుదేశానికి 3. ఖైరతాబాద్‌లో బీజేపీ అభ్యర్థి చింతల రామచంద్రారెడ్డి, తెలుగుదేశం పొత్తు బలంతో, దానంపై 20 వేలకు పైగా ఓట్ల తేడాతో గెలిచారు. పీజేఆర్ కుమార్తె విజయారెడ్డి కూడా అప్పుడు వైసీపీ నుంచి బరిలో ఉన్నారు. 2018కి దానం టీఆర్ఎస్‌లోకి వచ్చి గెలిచారు. 2023లో అదే పార్టీ బీఆర్ఎస్ పేరుతో పోటీ చేస్తే మళ్లీ ఆయనే. ఈసారి ఓడింది విజయారెడ్డి, కాంగ్రెస్ తరఫున, సుమారు 22 వేల తేడాతో. రాష్ట్రంలో 64 సీట్లతో గెలిచిన కాంగ్రెస్‌కు హైదరాబాద్ జిల్లాలో ఒక్క సీటూ రాలేదన్నది గుర్తుంచుకోండి. 2024 మార్చిలో దానం కాంగ్రెస్‌లో చేరి, సికింద్రాబాద్ లోక్‌సభకు ఆ పార్టీ అభ్యర్థిగా నిలబడి కిషన్ రెడ్డి చేతిలో ఓడిపోయారు. ఈ పార్టీ మార్పుల మీద అనర్హత పిటిషన్ల వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. మూడు నెలల్లో తేల్చాలని 2025 జులైలో కోర్టు స్పీకర్‌కు చెప్పింది.

మీరు అడిగిన రెండో మాట, పార్టీయా మనిషా అన్నది. 1978 నుంచి లెక్క తీయండి. 11 సాధారణ ఎన్నికల్లో ఏడుసార్లు ఖైరతాబాద్ రాష్ట్రంలో గెలిచిన పార్టీతోనే నడిచింది. 1985, 1994, 2014, 2023ల్లో ఎదురు నడిచింది. మొదటి రెండుసార్లు కారణం పీజేఆర్ అనే ఒక మనిషి, అందులో నాకు సందేహమే లేదు. 2014లో అలా చెప్పలేను. అది నగరం మొత్తం మీద పనిచేసిన పొత్తు లెక్క. 2023లో నగరం పల్లెలకు భిన్నంగా ఆలోచించింది. ఇక్కడ జనానికి పింఛన్, రోడ్లు, ఫ్లైఓవర్లు కళ్లముందున్నాయి. ఊళ్లలో రైతుల కోపం ఇక్కడికి చేరలేదు. పైగా పీజేఆర్ పేరు మీద ఉన్న ప్రేమ ఆయన పిల్లలకు ఓట్లుగా పూర్తిగా మారలేదు. బస్తీలో కొత్త తరానికి ఆయన ఫొటో తెలుసు కానీ, బిందెల వరుసలు తెలియవు.

ఏజెంట్‌గా కూర్చున్నప్పుడు కనిపించేది ఇంకొకటి ఉంది. ఓటర్ల జాబితా ముందు పెట్టుకుని, వచ్చినవాళ్ల పేరు పక్కన స్కేలుతో గీత గీస్తూ పోతాం. బస్తీ ఓట్లున్న గదిలో పదకొండు గంటలకే పేజీల నిండా గీతలు. గల్లీ లీడర్ గుమ్మం బయట నిలబడి "ఇంకా మీ చిన్నోడు రాలే" అని ఇంటికి మనిషిని పంపిస్తాడు. అదే స్కూల్లో పక్కగదిలో అపార్ట్‌మెంట్ల జాబితా ఉంటుంది. అందులో సగం పేజీలు తెల్లగానే ఉండిపోతాయి. ఇల్లు మారినవాళ్లు, అమెరికా వెళ్లినవాళ్లు, చనిపోయినా పేరు తీయనివాళ్లు, ఊళ్లోనే ఉండి రానివాళ్లు. 2025 నవంబర్ 11న పక్కనే జూబ్లీహిల్స్ ఉప ఎన్నిక జరిగింది. మాగంటి గోపీనాథ్ మరణంతో వచ్చిన ఎన్నిక అది. అన్ని పార్టీలూ సర్వశక్తులూ ఒడ్డినా పోలింగ్ 50 శాతం దాటలేదు. కాంగ్రెస్ అభ్యర్థి నవీన్ యాదవ్ 24 వేలకు పైగా ఆధిక్యంతో గెలిచారు. 2014లో అదే సీటులో ఆయన మజ్లిస్ తరఫున రెండో స్థానంలో నిలిచారు, 2018లో ఇండిపెండెంట్. ఏళ్ల తరబడి బస్తీల్లోనే తిరిగిన మనిషికి బస్తీలు ఓటేశాయి. మనిషిని చూసి ఓటేసే అలవాటు పోలేదనడానికి నాకు కనిపించే తాజా సాక్ష్యం అది. అధికార పార్టీ టికెట్ కలిసొచ్చిందన్నదీ నిజమే.

చివరగా మీకు పనికొచ్చే మాట. సోమాజిగూడ డివిజన్ అంతా ఒకే సీటులో లేదు. కొంత ఖైరతాబాద్‌లో, కొంత జూబ్లీహిల్స్‌లో ఉంది. మీ ఓటర్ కార్డు నంబర్‌తో ఎన్నికల సంఘం వెబ్‌సైట్‌లో వెతికితే నియోజకవర్గం నంబర్ వస్తుంది. 60 అయితే ఖైరతాబాద్, 61 అయితే జూబ్లీహిల్స్. బూత్ వారీగా ఎవరికెన్ని ఓట్లొచ్చాయో తెలుసుకోవాలంటే ఫారం 20 చూడండి. రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారి వెబ్‌సైట్‌లో ఉంటుంది. మీ బూత్ నంబర్ దొరికాక, పక్కనున్న బస్తీ బూత్‌తో కలిపి 2018, 2023 అంకెలు చూడండి. ఏమైనా అర్థం కాకపోతే కింద కామెంట్‌లో బూత్ నంబర్ పెట్టండి, అది ఏ గల్లీల బూతో నేను చెబుతాను.