ఇంటి చదువులో లెక్కకు రాని ఖర్చు

ప్రశ్న: నా వయసు 33. బాబుకి 6 ఏళ్లు, పాపకి 3. ఇద్దరినీ బడికి పంపకుండా 18 ఏళ్లు వచ్చేదాకా ఇంట్లోనే చదివించాలనుకుంటున్నాం. అందుకోసం నేను ఉద్యోగం మానేస్తున్నాను. మిగిలే స్కూల్ ఫీజులతో హోమ్ లోన్ త్వరగా తీర్చేద్దామని మావారు అంటున్నారు. ఇది మంచిదేనా?

జవాబు: ఫీజు మిగిలే మాట నిజమే. కానీ మీ లెక్కలో అన్నిటికన్నా పెద్ద ఖర్చు లేదు. అది మీ జీతం. పాపకి 18 వచ్చేసరికి మీకు 48. ఈ 15 ఏళ్లలో పోయేది జీతం ఒక్కటే కాదు, మీ పేరున జమ కావాల్సిన రిటైర్మెంట్ సొమ్ము కూడా.

72ను రాబడి శాతంతో భాగిస్తే డబ్బు రెట్టింపు కావడానికి పట్టే ఏళ్లు వస్తాయి. లెక్క కోసం 8 శాతం అనుకుందాం, 9 ఏళ్లు పడుతుంది. ఇప్పుడు పెట్టిన 100 మీకు 60 వచ్చేలోగా మూడుసార్లు రెట్టింపై 800 దాకా అవుతుంది. అదే 100 మీరు 48లో పెడితే 250 దగ్గర ఆగిపోతుంది. పిల్లలు పెద్దయ్యాక చూసుకుందామంటే కుదరదు అనేది ఇందుకే. మిగిలిన ఫీజులో మొదటి వాటా మీ పేరున, మీ రిటైర్మెంట్‌కు వెళ్లాలి. ఇది మావారి సొమ్ము, నేనెలా అడగను అని మొహమాటపడకండి. పని మీరూ చేస్తున్నారు.

లోన్ సంగతి తర్వాత. ముందే కట్టేసిన డబ్బు అవసరానికి వెనక్కి రావడం కష్టం. ఇల్లు ఒక్క జీతం మీద నడిచేటప్పుడు చేతిలో నగదు ఉండటమే ముఖ్యం. రాజీనామాకు ముందు ఆరు నెలలు మీవారి జీతంతోనే ఇల్లు నడిపి చూడండి. మీ జీతం ముట్టుకోకండి. కుదిరిందా, ఆ ఆరు జీతాలే మీ అత్యవసర నిధికి పునాది. దాన్ని ఏడాది ఖర్చులకు సరిపడేలా పెంచండి. కుదరలేదా, ఇంకా ఉద్యోగంలోనే ఉన్నారు కాబట్టి నష్టమేమీ లేదు.

టర్మ్ ఇన్సూరెన్స్, అంటే మనిషి పోతే కుటుంబానికి డబ్బిచ్చే బీమా, మీవారికి మాత్రమే తీసుకుంటే చాలదు. మీకేమైనా అయితే పిల్లల చదువు, ఆలనాపాలనా డబ్బిచ్చి చేయించుకోవాలి. సంపాదన లేనివారికి తక్కువ మొత్తానికే పాలసీ ఇచ్చే కంపెనీలుంటాయి. కాబట్టి ఉద్యోగంలో ఉండగానే తీసుకోండి.

ఇక చదువు ఖర్చు. చిన్న తరగతుల్లో ఇది నిజంగా తక్కువే. ఖాన్ అకాడమీ లాంటి ఆన్‌లైన్ పాఠాలు ఉచితం, గ్రంథాలయం ఉండనే ఉంది, బాబు పుస్తకాలు పాపకి పనికొస్తాయి. మొదటి ఏడాది ఉత్సాహంలో మూడేళ్ల సబ్‌స్క్రిప్షన్లు మాత్రం కట్టేయకండి. ఏ పద్ధతి మీ పిల్లలకు పడుతుందో ఇంకా తెలియదు. అసలు ఖర్చు 13, 14 ఏళ్ల నుంచి మొదలవుతుంది: లెక్కలకు, సైన్సుకు ట్యూటర్లు, ల్యాబ్, పరీక్ష ఫీజులు. బ్రిటన్‌కు చెందిన కేంబ్రిడ్జ్ బోర్డు పరీక్షలు బడిలో చేరకుండా ప్రైవేటుగా రాయొచ్చు, కానీ ప్రైవేటు విద్యార్థుల్ని తీసుకునే సెంటర్ వెతుక్కోవాలి. అందులో పదో తరగతి స్థాయి పరీక్ష ఐజీసీఎస్‌ఈ. దాని సైన్సులో ప్రాక్టికల్‌కు బదులు రాతపరీక్ష ఎంచుకునే వీలుంది. పన్నెండో తరగతి స్థాయి ‘ఎ-లెవెల్’ (A Level) పరీక్షకు వచ్చాక సైన్సుకు ప్రయోగశాల తప్పదు. అదే స్థాయిలో ఉండే మరో అంతర్జాతీయ కోర్సు ఐబీ డిప్లొమా అయితే ఆ గుర్తింపు ఉన్న స్కూల్లో చేరితేనే. ఏ దారో బాబుకి 12 వచ్చేలోగా తేల్చుకోండి. ఆ ఖర్చు మొదలయ్యేదాకా, అంటే బాబుకి 13 వచ్చేదాకా, ఈ ఏడేళ్లూ మిగిలిన ఫీజులో రెండో వాటా ఈ ఖర్చుల కోసం పక్కన పెట్టండి.

ఇంకో చిన్న నిధి కూడా కావాలి: ఇద్దరినీ ఉన్నట్టుండి బడిలో చేర్చాల్సి వస్తే సరిపోయే ఒక ఏడాది ఫీజు. పిల్లలే బడికి వెళ్తామనవచ్చు, మీ ఓపిక తగ్గవచ్చు. ఉద్యోగరీత్యా దేశం మారితే అక్కడి చట్టమే ఒప్పుకోకపోవచ్చు. జర్మనీలో బడికి పంపడం తప్పనిసరి.

ఇవన్నీ పోగా ఏమైనా మిగిలితే అప్పుడు లోన్‌కు కట్టండి. మీ వృత్తిలో లైసెన్సో సర్టిఫికెట్టో ఉంటే దాన్ని రద్దు కానివ్వకండి. పాప కాస్త సొంతంగా చదువుకునే వయసుకు వచ్చాక వారానికి పది గంటల పని దొరికినా వేణ్నీళ్లకు చన్నీళ్ల తోడు.