పాఠకుల ప్రశ్నలు: బాన్ఫ్ కొండల్లో నాలుగు రోజులు

ప్రశ్న: మా అబ్బాయి కెనడాలో ఉద్యోగం చేస్తున్నాడు. సెప్టెంబరు మూడో వారంలో మేమిద్దరం, కొడుకు, కోడలు, ఏడేళ్ల మనవరాలు కలిసి బాన్ఫ్‌లో నాలుగు రోజులు ఉందామనుకుంటున్నాము. మా ఇద్దరికీ అరవై దాటాయి. అంత ఎత్తులో ఊపిరి ఇబ్బంది ఉంటుందా? ఊళ్లోకే జంతువులు వస్తాయంటున్నారు, చిన్నపిల్లతో వెళ్లడం క్షేమమేనా? ఎక్కువ నడవకుండా ఏమేమి చూడవచ్చు?
– ఒక పాఠకురాలు

జవాబు: ఊపిరి విషయంలో నిశ్చింతగా ఉండండి. బాన్ఫ్ సముద్రమట్టానికి 1,383 మీటర్ల ఎత్తున ఉన్నది. ఎత్తు వల్ల కలిగే తలనొప్పి, వికారం సాధారణంగా 2,500 మీటర్లు దాటాక గాని మొదలు కావు. సల్ఫర్ పర్వతం మీదికి తీసుకువెళ్లే గండోలా (తీగల మీద నడిచే రోప్‌వే) పై స్టేషను కూడా 2,281 మీటర్ల దగ్గరే ఉంటుంది. గుండెకో ఊపిరితిత్తులకో మందులు వాడేవారు మాత్రం బయలుదేరే ముందు తమ వైద్యుణ్ణి అడగడం మంచిది. అక్కడ పొడిగాలికి పెదవులు పగులుతాయి, నీళ్లు ఎక్కువగా తాగాలి. మధ్యాహ్నం స్వెట్టరు విప్పాలనిపించిన రోజునే తెల్లవారుజామున సున్నా డిగ్రీల దగ్గరికి దిగిపోతుంది, సెప్టెంబరులో మంచు కురవడమూ కొత్త కాదు.

జంతువుల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. బాన్ఫ్‌ను అడవి అంచున వెలసిన ఊరుగా చాలామంది ఊహించుకుంటారు. అది 6,641 చదరపు కిలోమీటర్ల జాతీయ పార్కు లోపలే, బో నది లోయలో, సుమారు 4 చదరపు కిలోమీటర్లలో ఇమిడిన ఊరు. అక్కడ ఉద్యోగమో వ్యాపారమో ఉన్నవారు, వారి కుటుంబాలు వంటి అర్హత గలవారే స్థిరనివాసం ఉండాలన్న నిబంధన కూడా ఉన్నది. చుట్టూ నిటారు కొండలు, నడుమ సన్నని పచ్చిక నేల. మనుషులకు నడక తేలికైన చోటే జంతువులకూ తేలిక కనుక అవి ఊరి వీధులకు రావడంలో వింత లేదు, వాటి దారిలోకి మనమే వెళ్తున్నాము.

మీరు వెళ్లే నెలలో నేను ఎలుగుబంటి కన్నా ముందు ఎల్క్ గురించి హెచ్చరిస్తాను. దుప్పి జాతికి చెందిన ఈ పెద్ద జంతువుకు సెప్టెంబరు జతకట్టే కాలం. తెల్లవారుజామున నది ఒడ్డు మంచుపొగలోంచి ఈల వంటి సన్నని కూత వినిపిస్తుంది. అంత భారీ దేహంలోంచి అంత పలుచని గొంతు వస్తుందని మొదటిసారి విన్నవారు నమ్మలేరు. తల ఎత్తి కూసే మగ ఎల్క్ నోటి ముందు ఊపిరి తెల్లని పొగలా కనిపిస్తుంది, కొమ్ములు వీపు మీదికి వాలతాయి. ఆ దృశ్యం జన్మంతా గుర్తుంటుంది, కాని ఆ రోజుల్లో దానికి ఎదురుపడ్డది ఆడ ఎల్కా, పోటీకి వచ్చిన మగదా, ఫొటో కోసం ముందుకు నడిచిన మనిషా అన్న విచక్షణ ఉండదు. ఎల్క్, జింక, కొండగొర్రెల నుంచి కనీసం 30 మీటర్లు, అంటే మూడు బస్సుల పొడవు. ఎలుగుబంటి, తోడేలు, కూగర్ల (పులి జాతి అడవి జంతువుల) నుంచి కనీసం 100 మీటర్లు దూరం ఉండాలి. మనవరాలికి ఈ బస్సుల లెక్క నేర్పితే పెద్దవాళ్లకు కూడా ఆమే గుర్తు చేస్తుంది.

కాలిబాట మీదికి వెళ్తే బేర్ స్ప్రే డబ్బా నడుముకు కట్టుకోవాలి. సంచి అడుగున పెట్టుకున్నది అవసరానికి చేతికి రాదు. దానిని విమానంలోకి అనుమతించరు కాబట్టి అక్కడే తీసుకోండి, గడువు తేదీ చూసుకోండి. దోమల మందులా ఒంటికి, బట్టలకు చల్లుకునేది కాదు. మీదికి వచ్చే జంతువు ముఖం వైపు కొద్ది మీటర్ల దూరం నుంచి కొట్టే ఘాటైన మిరప మందు. అసలు దాని అవసరమే రాకుండా ఉండాలంటే పిల్లను మధ్యలో ఉంచుకుని అందరూ దగ్గరగా నడుస్తూ గట్టిగా మాట్లాడుకోండి. చిన్న గంటల మోత సరిపోదు, మనిషి గొంతే మేలు. ఎలుగు కనిపిస్తే పరుగు తీయకుండా, పిల్లను పట్టుకుని, మెల్లగా మాట్లాడుతూ వెనక్కి అడుగులు వేయాలి. తినుబండారాల తునకలు ఏ జంతువుకూ వేయకూడదు. అది నేరం కూడాను. మనిషి దగ్గర తిండి దొరుకుతుందని ఒకసారి నేర్చిన ఎలుగు చివరికి ప్రాణమే పోగొట్టుకోవచ్చు.

నడక తక్కువ ఉన్నవాటిలో లేక్ లూయీస్ ఒడ్డు వెంట సాగే చదును బాట, జాన్‌స్టన్ కాన్యన్‌లో దిగువ జలపాతం వరకు సుమారు 1.2 కిలోమీటర్ల దారి మీకు అనువైనవి. ఊరికి దగ్గరలోని కేవ్ అండ్ బేసిన్ తప్పకుండా చూడండి. అక్కడి వేడి ఊటలను స్థానిక ఆదిమ జాతులు ఎప్పటినుంచో ఎరిగినవే. 1883లో ముగ్గురు రైల్వే కూలీల కంట పడడంతో, 1885లో ప్రభుత్వం వాటి చుట్టూ నేలను కేటాయించింది. కెనడా జాతీయ పార్కులన్నిటికీ అదే మొదలు. గంధకం వాసన వేసే ఆ నీటి అంచున, సెంటీమీటరుకు అటూ ఇటూ ఉండే నత్తలు పాచి మీద పాకుతుంటాయి. ఈ కొండ ఊటల్లో తప్ప ప్రపంచంలో మరెక్కడా లేవు. మన చేతికున్న క్రీము కూడా వాటికి హాని చేయగలదు కనుక నీటిని తాకనివ్వరు. నన్నడిగితే మనవరాలికి ఎలుగుబంటి కన్నా ముందు ఈ నత్తను చూపించండి.

ప్రశ్న: బాన్ఫ్ పార్కులోని మొరైన్ సరస్సుకు సొంత కారులో వెళ్లవచ్చునా?

జవాబు: వీలు లేదు. 2023 నుంచి ఆ రోడ్డు మీదికి ప్రైవేటు కార్లను అనుమతించడం లేదు. పార్కులను నడిపే ప్రభుత్వ సంస్థ పార్క్స్ కెనడా వారి షటిల్ బస్సులోనో, ‘రోమ్’ అనే స్థానిక ప్రజా రవాణా బస్సులోనో, ప్రైవేటు టూరు బస్సులోనో వెళ్లాలి. రోడ్డు కూడా జూన్ నుంచి అక్టోబరు మధ్య వరకే తెరచి ఉంటుంది. షటిల్ సీట్లు కొన్ని వసంతంలోనే బుకింగ్‌కు వస్తాయి, మిగిలినవి ప్రయాణానికి రెండు రోజుల ముందు ఉదయం 8 గంటలకు విడుదలవుతాయి. సెప్టెంబరు చివర్లో లార్చ్ చెట్ల సూదుల ఆకులు బంగారు రంగుకు తిరిగినప్పుడు అవి నిమిషాల్లో అయిపోతాయి కాబట్టి ఆ వేళకు సిద్ధంగా ఉండాలి. లార్చ్ లోయకు ఎక్కే దారి 500 మీటర్లకు పైగా నిలువు ఎక్కుడు. ఎలుగుల సంచారం ఉన్న రోజుల్లో నలుగురికి తక్కువ గుంపును పోనివ్వని నియమం కూడా పెడుతుంటారు. మోకాళ్ల నొప్పులున్నవారు సరస్సు ఒడ్డునే ఉండడం మంచిది.

ప్రశ్న: ఆ సరస్సుల నీటికి నీలం, ఆకుపచ్చ కలిసిన ఆ రంగు ఎలా వచ్చింది?

జవాబు: హిమానీనదాలు కదులుతూ అడుగున ఉన్న రాతిని పిండిగా నూరుతాయి. కరిగిన నీటితో కొట్టుకువచ్చిన ఆ పిండి ఎంత సన్ననిదంటే సరస్సులో త్వరగా అడుగుకు చేరక తేలుతూ ఉండి, నీలం, ఆకుపచ్చ కాంతిని వెదజల్లుతుంది. మంచు ఎక్కువగా కరిగే జూలై, ఆగస్టుల్లో రంగు చిక్కగా ఉంటుంది.

ప్రశ్న: హైవే మీద చెట్లు మొలిచిన వంతెనలు ఎందుకు?

జవాబు: అవి జంతువులు దాటడానికి కట్టినవి. ట్రాన్స్ కెనడా హైవేకు రెండు వైపులా కంచె వేసి, పార్కు మేరకు 6 పైవంతెనలు, 38 కింది దారులు కట్టారు. వాహనాలు జంతువులను ఢీకొనడం 80 శాతానికి పైగా తగ్గింది. గ్రిజ్లీలు అనే పెద్ద గోధుమరంగు ఎలుగులు బయలుగా ఉండే పైవంతెనలను, కూగర్లు ఇరుకైన కింది దారులను ఇష్టపడతాయి. కట్టిన వెంటనే అవి రాలేదు; కొన్ని గ్రిజ్లీలకు ఆ దారి నమ్మదగినదేనని తెలియడానికి అయిదేళ్ల దాకా పట్టింది. వంతెన మీద మనుషుల వాసన తగిలితే అవి వెనుదిరుగుతాయి కాబట్టి అక్కడికి ఎక్కకుండా, కారు ఆపకుండా, కింద నుంచే చూసి వెళ్లండి.