బాబు ఖర్చులో ఎవరి వాటా ఎంత: లెక్క ఎక్కడ మొదలుపెట్టాలి

మీకు చేతికొచ్చే జీతం 70,000 రూపాయలు, విడిగా ఉంటున్న మీ భార్యకు 35,000 అన్నారు. ఏడేళ్ల బాబు ఆమె దగ్గర ఉంటాడు, వారానికి రెండు రోజులు మీ దగ్గరికి వస్తాడు. జీతంలో నాలుగో వంతు ఇవ్వక తప్పదని ఎవరో చెప్పారనీ, ఆమె కూడా సంపాదిస్తున్నప్పుడు అది న్యాయమేనా అనీ అడిగారు. నేను మీకు ఎదుటి పక్షంలో ఉన్న మనిషిని. మా పాప రెండో తరగతిలో ఉండగా మేం విడిపోయాం. గుంటూరులో ఉద్యోగం చేసుకుంటూ పాపను నేనే పెంచుకుంటున్నాను. డబ్బు అందుకునే వైపు నుంచి రాస్తున్నానన్న సంగతి గుర్తుంచుకునే ఈ జవాబు చదవండి.

ముందు ఆ నాలుగో వంతు సంగతి. 2017లో కల్యాణ్ డే చౌధురి కేసులో, భర్త నికర జీతంలో 25 శాతం భరణంగా ఇవ్వడం సమంజసమని సుప్రీంకోర్టు అన్నమాట నిజమే. అయితే అది విడిపోయిన భార్య భరణం సందర్భంలో వచ్చిన మాట. పిల్లల ఖర్చుకు ఇంత శాతమని మన చట్టం సూత్రమేదీ పెట్టలేదు. 1956 నాటి హిందూ దత్తత, మనోవర్తి (భరణం) చట్టంలోని 20వ సెక్షను పిల్లల పోషణ బాధ్యతను తల్లిదండ్రులిద్దరి మీదా ఉంచింది. మీ పరిస్థితికి దగ్గరగా ఉన్నది 2000లో తీర్పు వచ్చిన పద్మజా శర్మ కేసు. అక్కడ ఇద్దరూ ఉద్యోగస్థులే, తండ్రి జీతం తల్లి జీతానికి సుమారు రెట్టింపు. ఒక్కో బిడ్డకు నెలకు 3,000 రూపాయలు కావాలని తేల్చి, అందులో తండ్రి రెండు వంతులు, తల్లి ఒక వంతు భరించాలని సుప్రీంకోర్టు చెప్పింది. బిడ్డకు ఎంత కావాలన్నది ముందు, ఎవరి జీతం ఎంతన్నది ఆ తర్వాత. మీ ఇద్దరి జీతాలూ అదే నిష్పత్తిలో ఉన్నాయి కాబట్టి, మీరు వెతకవలసిన అంకె మీ పే స్లిప్పులో దొరకదు, బాబు ఏడాది ఖర్చులో దొరుకుతుంది.

ఏడాది ఖర్చు అని ఎందుకంటున్నానంటే, నేను మొదట జూన్ నెల ఒక్కటే చూసి భయపడి లెక్క వేశాను. టర్మ్ ఫీజు, పుస్తకాలు, యూనిఫాం గుడ్డ, కుట్టుకూలి, బూట్లు అన్నీ ఆ నెలలోనే మీద పడతాయి. సెప్టెంబరు చూస్తే సగం కూడా ఉండదు. అందుకని పాప పాత నోటుబుక్కులో మిగిలిపోయిన తెల్లకాగితాల మీద పన్నెండు నెలల ఖర్చూ రాశాను. స్కూలు ఫీజు 60,000. పది నెలల స్కూలు ఆటో 12,000. పుస్తకాలు, యూనిఫాం, బూట్లు కలిపి 9,000. పాలు, తిండి నెలకు 3,500 చొప్పున 42,000. డాక్టరు, మందులు 7,000. పండక్కి, పుట్టినరోజుకి బట్టలు 8,000. ఇంటద్దె దగ్గర నేను పొరపాటు చేశాను. అద్దె 9,000 కాబట్టి అందులో సగం పాపదేనని నెలకు 4,500 రాసేశాను. మధ్యవర్తిత్వ కేంద్రంలో పాప నాన్న ఆ ఒక్క పద్దు మీద వేలు పెట్టి, పాప లేకపోయినా నువ్వు ఒక ఇంట్లో అద్దెకు ఉండాల్సిందే కదా అని అడిగారు. ఆ రోజు కోపం వచ్చింది కానీ, ఇంటికొచ్చి ఆలోచిస్తే ఆయన అన్నది సరైన మాటే. నా ఒక్కదానికి ఒక గది ఉన్న ఇల్లు 7,500కు దొరికేది. పాప వల్ల పెరిగిన అద్దె 1,500 మాత్రమే. దిద్దుకున్నాక ఏడాదికి 1,56,000, అంటే నెలకు 13,000 తేలింది. మొదట నేనడిగింది 16,000.

ఆయన వైపు కూడా దిద్దవలసింది ఉంది. చేతికొచ్చే జీతం 48,000 అయితే, అందులోంచి 11,000 పర్సనల్ లోను ఈఎంఐ, 4,000 చిట్టీ తీసేసి, మిగిలిన 33,000నే జీతంగా చూపించారు. ఆదాయపు పన్ను, తప్పనిసరి పీఎఫ్ మినహాయించడం న్యాయం. మనంతట మనం తీసుకున్న అప్పును, వేసుకున్న పొదుపును బిడ్డ వాటాలోంచి కోయడాన్ని కోర్టులు సాధారణంగా ఒప్పుకోవు. నా జీతం 30,000. ఆయన చూపించిన ప్రకారమైతే ఆయన వాటా 6,800 దగ్గర ఆగేది. అసలు జీతాలు పెట్టి చూస్తే ఆయనది 8,000, నాది 5,000. దాని మీదే రాజీ కుదిరింది.

ఇక మీ రెండు రోజుల సంగతి. వారంలో ఏడింట రెండు రోజులు నా దగ్గరే ఉంటాడు కాబట్టి ఇచ్చేదాంట్లోనూ ఏడింట రెండు వంతులు తగ్గించాలని మీరు రాశారు. ఆ రెండు రోజులూ బాబు మీ ఇంట్లో తింటాడన్నది నిజమే, కానీ స్కూలు ఫీజు, ఆటో, అద్దె ఆ రెండు రోజులకని తగ్గవు. మా లెక్కలో తిండి రోజుకు 117 రూపాయల దాకా పడుతుంది, నెలకు ఎనిమిది రోజులకు 930. అంత మాత్రం మీరు నేరుగా బాబు మీద పెడుతున్నారు కాబట్టి ఆ మేరకు తగ్గించి పంపడం సబబు. ఏడింట రెండు వంతులంటే, మా లెక్కలో తండ్రి ఇచ్చే 8,000లో 2,280 దాటుతుంది. ఆ తేడా తల్లి మీద పడుతుంది. ఇంకొకటి, ఏ పద్దులోకీ ఎక్కనిది: పాపకు జ్వరం వస్తే సెలవు పెట్టేది నేనే. కిందటి ఏడాది అలా పదకొండు రోజులు పోయాయి, చివరి మూడు రోజులకు జీతం కోశారు. దీన్ని నేను డబ్బుగా అడగలేదు. కానీ ఆ 930 కోసం నెలనెలా ఫోనులో తగువు పడబోయే ముందు, దయచేసి ఈ మాట ఒక్కసారి గుర్తు తెచ్చుకోండి.

మీ కేసు ఇంకా విచారణలోనే ఉంది కాబట్టి, 2020 నవంబరు 4న సుప్రీంకోర్టు ఇచ్చిన రజనేష్–నేహ తీర్పు మీకు తప్పక వర్తిస్తుంది. ఆస్తులు, అప్పులు, ఆదాయం, ఖర్చులు ఇద్దరూ అఫిడవిట్‌లో వెల్లడించాలి. మనోవర్తి అనేది, పిటిషను వేసిన తేదీ నుంచే లెక్కకు వస్తుంది. వాయిదాలు పడుతున్నాయి కదా అని ఇప్పుడు ఇవ్వడం మానేస్తే, తర్వాత బకాయి అంతా ఒకేసారి కట్టవలసి వస్తుంది. తల్లి ఉద్యోగస్థురాలైనప్పుడు చదువు ఖర్చును ఇద్దరి మధ్యా దామాషాలో పంచవచ్చని కూడా అదే తీర్పులో ఉంది. ఆమె బాబును ఒక వారం పంపకపోయినా ఆ నెల డబ్బు ఆపకండి. చూడనివ్వకపోవడం మీద వేరే పిటిషను వేసుకోవచ్చు, తిండి డబ్బును దానితో ముడిపెడితే నష్టపోయేది బాబే.

మా ఒప్పందంలో స్కూలు ఫీజులో తన వాటాను ఆయన నేరుగా స్కూలుకే కడతారు, మిగిలింది ప్రతి నెలా ఐదో తేదీలోపు నా ఖాతాకు వస్తుంది. ఏటా మే నెలలో ఇద్దరం కొత్త ఫీజు కాగితం, జీతం కాగితాలు ఎదురుగా పెట్టుకుని వాటా మళ్లీ వేసుకుంటాం. పోయిన మేలో నా జీతం పెరిగిందని నా వాటా 400 పెంచుకున్నాను. ఈ షరతును మీ రాజీపత్రంలో రాయించుకోండి. అది లేకపోతే ఫీజు పెరిగిన ప్రతిసారీ మొత్తం మార్చమని కోర్టులో కొత్తగా పిటిషను వేసుకోవలసి వస్తుంది.